చేతి స్పర్శ నుంచి తెర మీది దృశ్యానికి: ఆడ గుర్రాల అండాశయ తొలగింపు శస్త్రచికిత్స చరిత్ర

వ్యాససంగ్రహం:

ఆడ గుర్రాల అండాశయాలను తొలగించే శస్త్రచికిత్స పంతొమ్మిదవ శతాబ్దం మధ్యకాలం నుంచి ఐరోపా, అమెరికా పశువైద్యంలో కనిపిస్తుంది. వందేళ్లకు పైగా అది కంటికి కనిపించకుండా, చేతి స్పర్శ మీద ఆధారపడి జరిగింది. 1990వ దశకంలో లాపరోస్కోపు వాడకంతో శస్త్రవైద్యుడు తాను కోసే భాగాన్ని చూడగలిగాడు. అయితే ఈ మార్పు లాపరోస్కోపు ఒక్కదానివల్ల రాలేదు. గుర్రాన్ని నిలబెట్టే ఉంచి శస్త్రచికిత్స చేయనిచ్చిన మగతమందులు, రక్తనాళాలను మూసే పరికరాలు కూడా అంతే ముఖ్యమైన పాత్ర వహించాయి. ఆ పరిణామక్రమాన్నీ, శస్త్రచికిత్స సులువైన తర్వాత కూడా దాని అవసరంపై మిగిలిపోయిన సందేహాలనూ ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: పశువైద్య చరిత్ర, ఆడ గుర్రం, అండాశయం, ఎద, లాపరోస్కోపీ, ఎక్రాజర్, మగతమందులు.

1. ఉపోద్ఘాతం:

మగ గుర్రానికి విత్తు కొట్టడం ఎంతో ప్రాచీనమైన పని. వృషణాలు శరీరానికి వెలుపల, చేతికి అందేచోట ఉంటాయి. ఉదరకుహరాన్ని తెరవకుండానే వాటిని తీసివేయవచ్చు. అందుకే గుర్రాలను పెంచిన జాతులన్నింటికీ ఈ పని తెలుసు. తెలుగులోనూ దానికి మాట ఉంది. ఆడ గుర్రానికి 'గోడిగ' అనే పాత మాట నిఘంటువులలో ఉన్నా, దాని అండాశయాలను తీసే పనికి మాత్రం వాడుకలో స్థిరపడిన మాట కనిపించదు. సాధారణంగా ఎవరూ చేయని పనికి మాట పుట్టకపోవడంలో వింత లేదు.

ఆ పని ఎవరూ చేయకపోవడానికి కారణం శరీర నిర్మాణంలోనే ఉంది. ఆడ గుర్రం అండాశయాలు నడుము కింద, మూత్రపిండాలకు వెనుక భాగాన, ఉదరకుహరం పైకప్పు నుంచి ఒక పొర ఆధారంగా వేలాడుతూ ఉంటాయి. ఆ పొరను శరీర నిర్మాణ శాస్త్రం మీసోవేరియం అంటుంది. అండాశయానికి రక్తం తెచ్చే ధమని ఆ పొరలోనే సాగుతుంది. దాన్ని సరిగా మూయకుండా తెంపితే రక్తస్రావం లోలోపలే జరుగుతుంది. బయటివారికి అది తెలిసేసరికి ఆలస్యమవుతుంది. ఆడ గుర్రాల అండాశయ తొలగింపు చరిత్ర అంతా ఒక రకంగా ఆ ధమని చుట్టూ తిరిగిన చరిత్ర.

ఆడ జంతువుల అండాశయాలు తీయడం ప్రాచీనులకు తెలియనిది కాదు. అరిస్టాటిల్ 'జంతువుల చరిత్ర'లో ఆడ పందులకు చేసే ఈ శస్త్రచికిత్సను వర్ణించాడు. యుద్ధానికి వాడే ఆడ ఒంటెలు చూలు కట్టకుండా ఉండడానికి వాటికీ చేస్తారని చెప్పాడు. పందికి డొక్కలో చిన్న గాటు పెట్టి వేలితో అండాశయాన్ని బయటికి లాగవచ్చు. నాలుగైదు వందల కిలోల బరువుండి, నొప్పి కలిగితే ఎదుటి మనిషిని చంపగల బలమున్న గుర్రం విషయంలో అది సాధ్యం కాదు.

2. చూపు లేని శస్త్రచికిత్స:

పంతొమ్మిదవ శతాబ్దం మధ్యలో ఫ్రెంచి శస్త్రవైద్యుడు ఎడ్వార్ షసేన్యాక్ మనుషుల చికిత్స కోసం ఎక్రాజర్ అనే పరికరాన్ని రూపొందించాడు. పొడవైన లోహపు కాడ చివర గొలుసుతో చేసిన ఉచ్చు, రెండో చివర పళ్లచక్రం ఉన్న పిడి దాని నిర్మాణం. తొలగించవలసిన భాగానికి ఉచ్చు తగిలించి, పిడిని తిప్పుతూ గొలుసును మెల్లగా బిగిస్తారు. కత్తి రక్తనాళాన్ని తెగ్గొట్టి నోరు తెరిచి వదిలేస్తుంది. ఎక్రాజర్ దాన్ని నలిపి నలిపి తెంపుతుంది. నలిగిన ధమని గోడలు లోపలికి ముడుచుకుని, రక్తం గడ్డకట్టి, నాళం మూసుకుపోతుంది. శస్త్రవైద్యంలో కంటికి ఆనని చోట కట్టు వేయలేని పరిస్థితులకు ఇది చక్కగా సరిపోయింది.

ఈ పరికరాన్ని పెద్ద జంతువుల అండాశయాల దగ్గరికి చేర్చే దారిని చూపినవాడు ఫ్రెంచి పశువైద్యుడు పియేర్ షార్లియే. గుర్రపు నాడాల చరిత్రలోనూ అతని పేరు కనిపిస్తుంది. 1850వ దశకంలో అతను ప్రధానంగా ఆవుల మీద పనిచేశాడు. అండాశయాలు తీసిన ఆవు ఎదకు రాకుండా ఎక్కువ కాలం పాలిస్తుందన్న ఆశ అప్పటి పాడి రైతులలో బలంగా ఉండేది. డొక్కను కోయడానికి బదులు యోని మార్గం నుంచి ఉదరకుహరంలోకి ప్రవేశించే పద్ధతిని అతను ప్రచారంలోకి తెచ్చాడు. అదే దారి తర్వాత ఆడ గుర్రాలకూ వర్తించింది.

ఈ పద్ధతి ఎలా సాగుతుందో కొంత వివరంగా చూడడం అవసరం. తర్వాత వచ్చిన మార్పుల విలువ అప్పుడే తెలుస్తుంది. గుర్రాన్ని ట్రావిస్‌లో, అంటే పశువును నిలబెట్టి కట్టే చట్రంలో, నిలబెడతారు. పురీషనాళాన్ని, మూత్రాశయాన్ని ఖాళీ చేస్తారు. శస్త్రవైద్యుడు యోనిలోకి చేయి పోనిచ్చి, గర్భాశయ ముఖద్వారం పక్కన పైభాగపు గోడకు చిన్న గాటు పెట్టి, దాన్ని వేళ్లతో వెడల్పు చేసి, మొత్తం చేతిని ఉదరకుహరంలోకి పంపుతాడు. గర్భాశయపు కొమ్మును తడుముకుంటూ పోతే చివర అండాశయం చేతికి తగులుతుంది. స్థానిక మత్తు మందులు వచ్చాక ఆ మందులో తడిపిన గుడ్డను కాసేపు అండాశయపు కాడకు అదిమి పట్టడం అలవాటైంది. ఆ తర్వాత ఎక్రాజర్‌ను అరచేతి చాటున లోపలికి తీసుకుపోయి, గొలుసు ఉచ్చులోంచి అండాశయాన్ని లాగి, కాడ చుట్టూ బిగించాలి. ఉచ్చులో అండాశయంతోపాటు పేగు మడత చిక్కుకోలేదని ఆ చేతి వేళ్లే నిర్ధారించాలి. ఒక్క మడత చిక్కినా గుర్రం బతకదు. బిగింపు నిమిషాల తరబడి సాగుతుంది. తొందరపడితే ధమని నలగకుండా తెగుతుంది.

శస్త్రచికిత్స ముగిసినా ప్రమాదం ముగియదు. యోని గోడకు పెట్టిన గాటును కుట్టడం ఆచారం కాదు. అది తనంతట తాను మూసుకోవాలి. ఈలోగా గుర్రం పడుకుంటే, లేచే ప్రయత్నంలో ముక్కితే, ఆ గాటులోంచి పేగులు బయటికి జారవచ్చు. అందువల్ల కొన్ని రోజులు గుర్రాన్ని పడుకోనివ్వకుండా రెండువైపులా తాళ్లతో కట్టి నిలబెట్టి ఉంచేవారు. పెద్ద అండాశయాలకు ఈ పద్ధతి పనికిరాదు. అరచేతిలో ఇమిడేదే ఉచ్చులోంచి దూరుతుంది, గాటులోంచి బయటికి వస్తుంది.

ఇన్ని పరిమితులున్నా ఈ పద్ధతి వందేళ్లకు పైగా నిలిచింది. అనుభవజ్ఞుడి చేతిలో అది త్వరగా ముగుస్తుంది, ఖర్చు తక్కువ, బయటికి కనిపించే గాయం ఉండదు. కానీ ఇది పూర్తిగా వ్యక్తిగతమైన నైపుణ్యం. గురువు చేయి లోపల ఏం చేస్తోందో శిష్యుడు చూడలేడు. చూడలేని పనిని నేర్పడం ఎలా? ఒక తరం నుంచి మరో తరానికి ఈ విద్య మాటలలో, సైగలలో, కొంత అదృష్టంలో బదిలీ అయ్యింది.

3. అండాశయమూ, స్వభావమూ:

పంతొమ్మిదవ శతాబ్దంలో ఆడ గుర్రాల అండాశయాలు ఎందుకు తీశారు? పిల్లలు పుట్టకుండా ఉండడానికి కాదు. మగ గుర్రాన్ని దూరంగా ఉంచితే అది చాలు. ప్రధాన కారణం స్వభావం. మాటిమాటికీ మూత్రం పోస్తూ, తన్నుతూ, జీను వేయనివ్వకుండా ఇబ్బంది పెట్టే ఆడ గుర్రాలను అప్పటి పశువైద్య గ్రంథాలు 'నింఫోమేనియా' అనే మాటతో వర్ణించాయి. ఆ మాట మనుషుల వైద్యంలోంచి, అందులోనూ స్త్రీల గురించి పురుష వైద్యులు రాసిన గ్రంథాలలోంచి వచ్చింది.

ఈ అరువు యాదృచ్ఛికం కాదు. 1872లో జర్మనీలో ఆల్ఫ్రెడ్ హేగర్, అమెరికాలోని జార్జియాలో రాబర్ట్ బాటీ, ఇంగ్లండులో లాసన్ టెయిట్ దాదాపు ఒకే కాలంలో, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా, స్త్రీల అండాశయాలను తొలగించే శస్త్రచికిత్సలు చేశారు. బాటీ పేరుతో ప్రసిద్ధమైన శస్త్రచికిత్సలో కణితులు లేని, చూడడానికి ఆరోగ్యంగా ఉన్న అండాశయాలను కూడా తీసేవారు. ఋతుబాధలకు, మూర్ఛలకు, 'హిస్టీరియా' అని పిలిచిన మానసిక స్థితులకు మూలం అక్కడే ఉందన్న నమ్మకం దానికి ఆధారం. ఆ శతాబ్దం ముగిసేనాటికి ఆ నమ్మకం సడలింది. మరణాలు, విఫలమైన ఫలితాలు వైద్యులలోనే వ్యతిరేకతను పెంచాయి. మనుషుల వైద్యం నుంచి క్రమంగా తొలగిపోయిన ఆ ఆలోచన గుర్రపుశాలలో మాత్రం చాలాకాలం కొనసాగింది. ఆడ గుర్రం మొండికేస్తే అండాశయాన్ని అనుమానించడం నేటికీ వినిపించే మాటే.

4. ఉదరంలోకి చూపు:

లాపరోస్కోపీ చరిత్ర ఒక జంతువుతోనే మొదలవుతుంది. 1901లో హాంబుర్గ్‌లో జరిగిన జర్మన్ ప్రకృతిశాస్త్రవేత్తల, వైద్యుల సభలో డ్రెస్డెన్ వైద్యుడు గెయోర్గ్ కెల్లింగ్ ఒక కుక్క ఉదరంలోకి గాలి నింపి, మూత్రాశయాన్ని చూడడానికి వాడే నిట్సె గొట్టాన్ని చొప్పించి, లోపలి అవయవాలను చూపించాడు. అతని అసలు ఆలోచన చూడడం కాదు. గాలి ఒత్తిడితో లోపలి రక్తస్రావాన్ని ఆపవచ్చా అని తెలుసుకోవాలనుకున్నాడు. ఆ ఒత్తిడి అవయవాలకు ఏం చేస్తుందో చూడడానికి గొట్టం పెట్టాడు. 1910లో స్టాక్‌హోంలో హన్స్ క్రిస్టియన్ యాకోబేయుస్ ఈ పద్ధతిని మనుషులపై ప్రయోగించిన ఫలితాలు ప్రచురించాడు.

తర్వాతి అర్ధశతాబ్దంలో ఇది ప్రధానంగా వ్యాధి నిర్ధారణకు పనికివచ్చే విద్యగా మిగిలింది. లోపల వెలుతురు చాలదు, దృశ్యం మసక, చూసేది ఒక్క కన్నే. బ్రిటిష్ భౌతికశాస్త్రవేత్త హెరాల్డ్ హాప్‌కిన్స్ గాజుకడ్డీలతో కటకవ్యవస్థను రూపొందించడం, జర్మన్ తయారీదారు కార్ల్ ష్టోర్ట్స్ 1960వ దశకంలో దాన్ని వాడుకలోకి తేవడం ఈ స్థితిని మార్చాయి. 1980లో కీల్ నగరంలో స్త్రీవైద్య నిపుణుడు కుర్ట్ జెమ్ లాపరోస్కోపుతో ఉండుకాన్ని తొలగించాడు. 1985లో ఎరిష్ మ్యూహె పిత్తాశయాన్ని తీశాడు. ఇద్దరికీ మొదట తోటి వైద్యుల నుంచి ఎదురైనది ప్రశంస కాదు. గొట్టం చివర చిన్న వీడియో కెమెరా చేరి దృశ్యం తెర మీదికి వచ్చాక, 1980వ దశకం చివరలో, ఈ పద్ధతి ఒక్కసారిగా ప్రపంచమంతా వ్యాపించింది.

గుర్రాలలో లాపరోస్కోపీ తొలి నివేదికలు 1970వ దశకం ఆరంభంలో వచ్చాయి. 1972లో హైన్‌త్సే, అతని సహరచయితలు ఆడ గుర్రాల లోపలి జననాంగాలను లాపరోస్కోపుతో చూసే పద్ధతిని జర్మన్ భాషలో వివరించారు. ఇక్కడ గమనించదగిన విషయం ఒకటుంది. గుర్రంలో లాపరోస్కోపు తొలి ఆసక్తులలో అండాశయం ఒకటి. దానికి శరీర నిర్మాణం కారణం. ఆడ గుర్రం అండాశయంలో అండం ఎక్కడపడితే అక్కడ విడుదల కాదు. మూత్రపిండం ఆకారంలో ఉండే అండాశయపు లోపలి వంపులోని ఒకే గుంటనుంచి విడుదలవుతుంది. పెంపుడు జంతువులలో ఇది అరుదైన ఏర్పాటు. పునరుత్పత్తి శాస్త్రజ్ఞులు దాన్ని ప్రత్యక్షంగా చూడాలనుకోవడం సహజం. 1986లో కాలిఫోర్నియాలో ఫిషర్, అతని సహచరులు గుర్రాలలో వ్యాధి నిర్ధారణకు లాపరోస్కోపీ వాడకంపై ప్రచురించిన వ్యాసంతో ఇది ప్రయోగశాల దాటి వైద్యశాలలోకి వచ్చింది.

మనుషుల పరికరాలు గుర్రానికి నేరుగా సరిపోలేదు. సుమారు 30 సెంటీమీటర్ల గొట్టం డొక్క గోడను, అవతలి ఖాళీని దాటి అవయవాన్ని చేరలేదు. గుర్రాల కోసం సుమారు 57 సెంటీమీటర్ల పొడవైన గొట్టాలు తయారయ్యాయి. అంతకంటే పెద్ద చిక్కు పేగులు. అంధనాళం, పెద్దపేగు కలిసి పదుల లీటర్ల మేతను నింపుకొని ఉదరకుహరాన్ని ఆక్రమిస్తాయి. అవి నిండి ఉంటే లాపరోస్కోపుకు కనిపించేది పేగు గోడ ఒక్కటే. అందుకే శస్త్రచికిత్సకు ముందు ఒక రోజు లేదా అంతకుమించి మేత ఆపడం నియమమైంది.

5. నిలబడిన గుర్రం:

గుర్రాన్ని ఎలా ఉంచి ఈ శస్త్రచికిత్స చేయాలి? మనిషిని పడుకోబెట్టి పూర్తి మత్తు ఇస్తారు. గుర్రానికి పూర్తి మత్తు ఇవ్వడం ఎన్నడూ చిన్న విషయం కాదు. 2002లో జాన్‌స్టన్, సహచరులు ప్రచురించిన బహుళ కేంద్రాల అధ్యయనం 41,824 గుర్రాల వివరాలను సేకరించింది. పూర్తి మత్తు తర్వాత ఏడు రోజులలోపు మరణించినవి 1.9 శాతం. కడుపునొప్పికి అత్యవసర శస్త్రచికిత్స జరిగిన వాటిని మినహాయించినా 0.9 శాతం. అంటే ఆరోగ్యంగా నడుచుకుంటూ వచ్చిన గుర్రాలలోనూ సుమారు నూటికి ఒకటి తిరిగి వెళ్లదు. మనుషుల లెక్కలతో పోలిస్తే ఇది ఎన్నో రెట్లు ఎక్కువ. గుండె ఆగడం ఒక కారణమైతే, మత్తు దిగుతూ తూలుతూ లేచే ప్రయత్నంలో కాలు విరగడం మరొకటి. తన బరువు కిందే కండరాలు నలిగి చచ్చుబడడం ఇంకొకటి. స్వభావం కోసం, అంటే ప్రాణాపాయం లేని కారణం కోసం చేసే శస్త్రచికిత్సకు ఇంత ముప్పును సమర్థించడం కష్టం.

వాషింగ్టన్ రాష్ట్రంలో రేగిల్, ష్నైడర్ 1995లో వెల్లకిలా పడుకోబెట్టిన గుర్రాలలో పొట్ట కింది నుంచి లాపరోస్కోపుతో అండాశయాలు తీసిన పద్ధతిని ప్రచురించారు. రెండు అండాశయాలూ ఒకే చోటు నుంచి అందుతాయి, గుర్రం కదలదు. కానీ అండాశయాలు కనిపించాలంటే పేగులు తల వైపు జారేలా బల్లను వాల్చాలి. ఆ బరువంతా ఊపిరితిత్తుల మీద పడుతుంది. ఉదరంలో నింపిన కార్బన్ డయాక్సైడ్ ఒత్తిడి దానికి తోడవుతుంది.

దీనికి రెండేళ్ల ముందే, 1993లో, స్కాట్ పామర్ ఐదు ఆడ గుర్రాలలో వాటిని నిలబెట్టే ఉంచి లాపరోస్కోపు, లేజరు సాయంతో అండాశయాలు తీసిన అనుభవాన్ని ప్రచురించాడు. ఐదు చిన్న సంఖ్యే. అయినా ఈ చరిత్రలో నిర్ణాయకమైన మలుపు అదే. గుర్రం నిలబడి ఉన్నప్పుడు పేగులు తమ బరువుతో కిందికి దిగిపోతాయి. పైకప్పు నుంచి వేలాడే అండాశయాలు డొక్క పైభాగం నుంచి చూసేవారికి నేరుగా కనిపిస్తాయి. వెల్లకిలా పడుకోబెట్టినప్పుడు అడ్డుగా నిలిచిన భూమ్యాకర్షణ నిలబెట్టినప్పుడు సహాయకుడిగా మారింది.

ఇది మునుపే ఎందుకు జరగలేదన్న ప్రశ్నకు సమాధానం గొట్టంలో లేదు, మందుసీసాలో ఉంది. 1962లో జర్మనీలో తయారైన జైలజిన్, 1980వ దశకంలో ఫిన్లాండు నుంచి వచ్చిన డెటోమిడిన్ వంటి మందులు గుర్రాన్ని పడిపోనివ్వకుండా, తల వంచుకుని, చుట్టూ జరిగేదాన్ని పట్టించుకోని స్థితిలో గంటసేపైనా నిలబెట్టగలిగాయి. అంతకుముందు నిలబడిన గుర్రం మీద శస్త్రచికిత్స అంటే ముక్కుకు బిగించిన తాడు, నలుగురు మనుషుల బలం. వైద్యచరిత్రలు సాధారణంగా మెరిసే పరికరానికి ఇచ్చినంత చోటు మందుకు ఇవ్వవు. ఈ విషయంలో ఆ పక్షపాతం చరిత్రను తప్పుదారి పట్టిస్తుంది. లాపరోస్కోపు 1972 నాటికే గుర్రం ఉదరంలోకి వెళ్లింది. నిలబడిన గుర్రంలో దానితో నమ్మకంగా కోయడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది.

1999లో హాన్సన్, గలుప్పో 22 ఆడ గుర్రాలను నిలబెట్టి రెండు అండాశయాలూ తీసిన వివరాలు ప్రచురించేనాటికి ఈ పద్ధతికి ఒక స్థిరరూపం వచ్చింది. మేత ఆపిన గుర్రాన్ని ట్రావిస్‌లోకి తెచ్చి మగతమందు ఇస్తారు. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడుమ డొక్క పైభాగాన వెంట్రుకలు తీసి, స్థానిక మత్తు ఇచ్చి, ఒకటి రెండు సెంటీమీటర్ల గాట్లు రెండు మూడు పెడతారు. ఒక దానిలోంచి లాపరోస్కోపు, మిగిలిన వాటిలోంచి పొడవైన పట్టకారు, కత్తెర వెళతాయి. పట్టకారుతో అండాశయాన్ని పట్టి లాగిన క్షణంలో, మగతలో ఉన్న గుర్రం కూడా ఉలిక్కిపడుతుంది. అందుకే లాగడానికి ముందే పొడవైన సూదితో మీసోవేరియంలోకి మత్తుమందు ఎక్కిస్తారు. షార్లియే తరువాతి తరాలు తడిపిన గుడ్డతో చేసిన పనే ఇది. తేడా ఏమిటంటే మందు ఎక్కడికి చేరిందో ఇప్పుడు తెర మీద కనిపిస్తుంది.

6. ధమనిని మూసే దారులు:

కనిపించడం వేరు, రక్తాన్ని ఆపడం వేరు. పామర్ వాడిన లేజరు ఖరీదైనది. 1997లో కెనడాకు చెందిన బూరే, మార్కూ, లావర్టీ ముందే ముడివేసి ఉంచిన దారపు ఉచ్చులను డొక్కలోంచి పంపి, మీసోవేరియం చుట్టూ బిగించే పద్ధతిని వివరించారు. ఆడ గుర్రం మీసోవేరియం మందమైనది, కొవ్వు పట్టినది. ఉచ్చు జారితే మొదటికే మోసం. 2001లో రోజర్సన్, సహచరులు విద్యుత్తుతో కొంచెం కొంచెంగా కాల్చుతూ, కాల్చిన మేరకే కోస్తూ పోయే పద్ధతిని ప్రచురించారు. ఆ మరుసటి ఏడాది రక్తనాళపు గోడలను ఒత్తిడితో, వేడితో ఒకటిగా అతికించే పరికరాన్ని ఆడ గుర్రాలలో పరీక్షించిన వ్యాసం వచ్చింది. 2003లో అతిధ్వని తరంగాలతో కోసే కత్తిని పరీక్షించారు. విద్యుత్ తీగలు బిగించడానికి వాడే ప్లాస్టిక్ పట్టీలాంటి నైలాన్ పట్టీలతో కూడా ప్రయత్నాలు జరిగాయి. ఖరీదైన పరికరాలు కొనలేని వైద్యశాలలకు అవి ఉపయోగపడ్డాయి.

2011లో రోకెన్, సహచరులు 157 ఆడ గుర్రాల వివరాలను అనేక కేంద్రాల నుంచి సేకరించి ప్రచురించారు. పామర్ ఐదు గుర్రాల నుంచి అక్కడికి పద్దెనిమిదేళ్లు. ఈలోగా ఈ పద్ధతి ఒకరిద్దరి ప్రయోగం నుంచి పశువైద్య కళాశాలలు విద్యార్థులకు నేర్పే విద్యగా మారింది. తెర మీద గురువు కత్తెర కదలికను గదిలో ఉన్న ప్రతివారూ చూడగలరు. యోనిమార్గపు పద్ధతికి ఏనాడూ లేని సౌకర్యం ఇది.

7. కణితి, స్వభావం, ఎద:

అండాశయాన్ని తీయడానికి నిర్వివాదమైన కారణం కణితి. ఆడ గుర్రం అండాశయాలలో ఎక్కువగా వచ్చేది గ్రాన్యులోసా కణాల కణితి. సాధారణంగా ఒకవైపే వస్తుంది, ఇతర అవయవాలకు పాకడం అరుదు. కానీ అది హార్మోన్లను స్రవిస్తుంది. కొన్ని గుర్రాలు ఎదకు రావడం మానేస్తాయి, కొన్ని ఎడతెగని ఎదలో ఉంటాయి. కొన్ని మగ గుర్రంలాగా సకిలిస్తూ, ఇతర ఆడ గుర్రాల మీదికి ఎక్కుతూ, మెడ కండరాలు బలిసి కనిపిస్తాయి. రెండో అండాశయం ముడుచుకుపోయి నిద్రాణమవుతుంది. కణితి ఉన్నదాన్ని తీసివేస్తే కొన్ని నెలలకు అది మళ్లీ పనిచేయడం మొదలుపెడుతుంది, గుర్రం చూలు కట్టగలుగుతుంది. ఇక్కడ స్వభావానికీ అండాశయానికీ ఉన్న సంబంధం రక్తపరీక్షలో తేలే వాస్తవం. మొదటి నుంచీ ఈ శస్త్రచికిత్సను సమర్థించిన వాదానికి నిజమైన పునాది ఈ కొద్ది గుర్రాలలోనే ఉంది.

కణితి లేని గుర్రాల సంగతి భిన్నం. 1980లో ఏసా, గోల్డ్‌ఫుట్, గార్సియా, గింథర్ ప్రచురించిన పరిశోధనలు అండాశయాలు తీసిన ఆడ గుర్రాలు కూడా ఎద లక్షణాలు చూపుతాయని తెలిపాయి. అడ్రినల్ గ్రంథి స్రావాన్ని అణచే మందు ఇస్తే ఆ లక్షణాలు తగ్గాయి. ఆడ గుర్రంలో ఎద ప్రవర్తనను అదుపులో ఉంచేది అండాశయం నుంచి వచ్చే ప్రొజెస్టెరాన్. అండాశయం పోతే ఆ అదుపూ పోతుంది. అడ్రినల్ నుంచి వచ్చే కొద్దిపాటి స్టెరాయిడ్లే ప్రవర్తనను రేపడానికి చాలవచ్చు. అంటే ఎదను ఆపాలని చేసిన శస్త్రచికిత్స కొన్ని గుర్రాలలో ఎదకు ఉన్న అడ్డును తొలగిస్తోంది.

ఈ వైరుధ్యానికి గుర్రపు పరిశ్రమలోనే నిదర్శనం ఉంది. మగ గుర్రం నుంచి వీర్యం సేకరించే కేంద్రాలలో అండాశయాలు తీసిన ఆడ గుర్రాలను ఉంచుతారు. కొద్దిపాటి ఈస్ట్రోజెన్ ఇస్తే అవి ఏ రోజైనా మగ గుర్రం ముందు ఎదలో ఉన్నట్లు నిలబడతాయి. 1985లో హిన్రిక్స్, సహచరులు అలాంటి గుర్రాలకే ప్రొజెస్టెరాన్ ఇస్తూ వేరొక గుర్రం పిండాన్ని వాటి గర్భంలో నిలపగలిగారు. ఒకే శస్త్రచికిత్స ఒక యజమానికి ఎద లేని గుర్రాన్ని, మరొకరికి ఎప్పుడూ ఎదలో నిలబడే గుర్రాన్ని, ఇంకొకరికి అద్దె గర్భాన్ని ఇస్తోంది.

అయినా లాపరోస్కోపుతో శస్త్రచికిత్స జరిగిన గుర్రాల యజమానులను 2007లో కామ్, హెండ్రిక్సన్ ప్రశ్నించినప్పుడు చాలామంది సంతృప్తి వ్యక్తం చేశారు. దీన్ని కొట్టిపారేయలేం. యజమాని సంతృప్తి మాత్రం గుర్రం ప్రవర్తనకు కొలమానం కాదు. డబ్బు ఖర్చు పెట్టి, నెలలు విశ్రాంతినిచ్చిన తర్వాత గుర్రాన్ని మెత్తగా చూసే మనిషి కూడా మారి ఉంటాడు. వెన్నునొప్పి, సరిపడని జీను, జీర్ణాశయపు పుండ్లు కూడా ఎద కాలపు మొండితనంలాగే కనిపిస్తాయి. అందుకే శస్త్రచికిత్సకు ముందు నోటి ద్వారా ఇచ్చే ఆల్ట్రెనోజెస్ట్ అనే కృత్రిమ ప్రొజెస్టెరాన్‌తో కొంతకాలం పరీక్షించి, ప్రవర్తన మారితేనే అండాశయాలను అనుమానించాలన్న సలహా ప్రచారంలోకి వచ్చింది. ఎదను అణచే మందుకు మారని గుర్రం శస్త్రచికిత్సకు మారుతుందని ఆశించడానికి ఆధారం బలహీనం.

8. ఒరెగాన్ వివాదం:

లాపరోస్కోపీ స్థిరపడ్డాక ఎక్రాజర్ మాయం కాలేదు. 1971 నాటి చట్టం కింద రక్షణ పొందుతున్న అమెరికా అడవి గుర్రాల సంఖ్య పెరగడంతో, వాటి నిర్వహణ చూసే భూనిర్వహణ సంస్థ ఆడ గుర్రాల అండాశయాలు తీసే ఆలోచన చేసింది. 2013లో నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ కమిటీ ఆ సంస్థ కోసమే ఇచ్చిన నివేదికలో, దీర్ఘ రక్తస్రావానికి, ఉదరకుహరంలో సోకే వ్యాధికి అవకాశం ఉన్నందున ఈ శస్త్రచికిత్స క్షేత్రస్థాయిలో తగదని చెప్పింది. అయినా 2016లో ఒరెగాన్ రాష్ట్రంలోని హైన్స్ గుర్రపుదొడ్లలో యోనిమార్గపు పద్ధతితో సహా కొన్ని పద్ధతులను పరీక్షించాలని ప్రతిపాదించి, వ్యాజ్యాల నడుమ విరమించుకుంది. 2018లో యోనిమార్గపు పద్ధతితోనే మళ్లీ ముందుకు వచ్చింది. ఆ ఏడాది నవంబరులో పోర్ట్‌లాండ్‌లోని ఫెడరల్ న్యాయస్థానం తాత్కాలిక ఉత్తర్వుతో దాన్ని నిలిపివేసింది.

లాపరోస్కోపు ఉండగా షార్లియే కాలపు పద్ధతిని ఎందుకు ఎంచుకున్నారన్నది ఈ వివాదంలో తరచు వినిపించిన ప్రశ్న. లాపరోస్కోపీ కోరే షరతులే దానికి సమాధానం. ముందురోజు నుంచి మేత ఆపాలి. తెర, వాయువు, రక్తనాళాలను మూసే పరికరాలు ఉన్న గది కావాలి. ఒక్కో గుర్రానికి గంటకు పైగా పడుతుంది. అన్నింటికీ మించి, ట్రావిస్‌లో మగతమందుకు లొంగి, మనిషి చేతిని భరించి నిలబడే గుర్రం కావాలి. ఒరెగాన్ బయళ్ల నుంచి పట్టుకొచ్చిన గుర్రాలకు మనిషి చేయి అప్పటిదాకా తగల్లేదు.